రేడియో మేస్త్రీ మౌనం

కిందటి వారం కొత్తకోడల్ని మామగారి పనిగదిలో, నేల మీద, ఒళ్ళో తీర్మానాల పుస్తకంతో వదిలేసి మన దారిన మనం పోయాం. వారమంతా ఆ పిల్ల అలాగే కూచుండిపోయిందని జాలిపడకండి. మనకి గడిచింది వారం, ఆమెకి గడిచింది ఒక్క ఊపిరి. ఆదివారం ఉదయం పది గంటలు. సాయంత్రం అయిదు కొడితే వంతెన లేచిపోతుంది.

వంతెనంటే రాయీ సిమెంటూ కాదని మొదటినుంచీ చదివేవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. కొండ అడ్డం వల్ల ఆ చుట్టుపక్కల ఫోన్లకి సిగ్నలు అందదు. అందుకని ఏ వీధికావీధి ఇళ్ళ కప్పుల మీద చిన్న చిన్న పెట్టెలు పెట్టుకుంది. ఫోనులో రాసిన మాట ఈ పెట్టె మీంచి ఆ పెట్టె మీదకి పిచ్చుకలా గెంతుతూ పోతుంది. ఒక వీధి పెట్టెలన్నీ కలిపి ఒక గూడు. గూటికీ గూటికీ మధ్య కొండ మీద పెట్టిన పెద్ద పెట్టె వంతెన. పైన కంపెనీ లేదు, యజమాని లేడు. ఏ గూటి కట్టుబాట్లు ఆ గూటివే. ఈ వీధి గూటికి తాళంచెవులు అయిదు, అవి అయిదుగురి దగ్గర. ముగ్గురు ఔనంటే తప్ప ఒక మేకు కూడా కదలదు.

రెండు నెలల కిందట కొండ అవతలి ఏటి వీధి గూటి నుంచి, ఆనకట్ట తెగిందని ఎవరో ఆకతాయి రాశాడు. జనం పరుగులు పెట్టారు. ఆ తొక్కిడిలో లెక్కల మాస్టారి భార్య మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. రాసినవాణ్ణి వెళ్ళగొట్టమని అడిగితే, మా గూట్లో ఎవర్ని ఉంచుకోవాలో మా ఇష్టం అని ఏటి వీధి పెద్దలు జవాబిచ్చారు. అయితే వంతెన ఎత్తేద్దాం అన్నారు మాస్టారు. దర్జీ ఔనన్నాడు. నర్సమ్మ కాదంది. రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఉత్తరం ఆపడం నా చేతులతో ఎప్పుడూ చెయ్యలేదు, ఇప్పుడు చెయ్యను అన్నాడు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. అయిదో తాళంచెవి రేడియో మేస్త్రీది. అంటే మన కొత్తకోడలి మామగారిది.

ఆయన పోయి ఏడు నెలలు.

ఆ ఏటి వీధిలో కొత్తకోడలి అక్క ఉంది. మిల్లులో మగ్గాల హోరు మధ్య పదేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. బస్సులో చుట్టు తిరిగి పోతే రెండు గంటల దూరం. అక్కాచెల్లెళ్ళిద్దరికీ తెర మీది అక్షరాలే గొంతులు. ఆ ఉదయం చెల్లెలు రాసింది: "మా ఆయన చొక్కాకి బొత్తాం కుట్టాను. ఊడింది. మళ్ళీ కుట్టాను. మళ్ళీ ఊడింది." అక్క రాసింది: "బొత్తానికి తెలుసు, ఊడితే నీ చెయ్యి మళ్ళీ తగులుతుందని. మీ ఆయన దగ్గర నేర్చుకుంది." అది చదివి కొత్తకోడలు వంటింట్లో ఒక్కతీ సిగ్గుపడింది. అంత చిన్న సంతోషాలతో రోజు నిండిపోయే పిల్ల ఆమె.

ఇప్పుడు ఆ మొహంలో సంతోషం లేదు. పుస్తకంలో మాస్టారి గుండ్రటి చేతిరాత. తీర్మానం కింద తీర్మానం. ప్రతిదాని కిందా అయిదు పేర్లు, అయిదు జవాబులు. అయిదో పేరు పక్కన ఒకే మాట.

"రేడియో మేస్త్రీ: మౌనం. అంగీకారంగా తీసుకోవడమైనది."

వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. తొమ్మిదీ ఆయన పోయిన తరవాతవే. బల్ల మీద ఆయన పెట్టె పచ్చటి దీపం వెలిగి ఆరుతోంది, నిద్రపోతున్న మనిషి గుండెలా.

"ఇక్కడున్నావా," అంటూ భర్త గుమ్మంలోకి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఆదివారం కూడా గోళ్ళలో గ్రీజు వదలదు. "ఇల్లంతా వెతికాను. మూణ్ణెల్లకే పెళ్ళాం కనపడకుండా పోయిందంటే డిపోలో నా పరువేం కాను."

"ఉన్నవి మూడు గదులు. ఏం వెతికావో నాకు తెలియదా." నలుగురిలో మీరు, ఇద్దరే ఉంటే నువ్వు. ఆ నువ్వు అన్నప్పుడల్లా ఆమెకి నోట్లో పిప్పరమెంటు వేసుకున్నట్టుండేది. ఇవాళ ఆ చల్లదనం తెలియలేదు. "మామయ్యగారు పోయింది ఏ తేదీ?"

చెప్పాడు. "ఎందుకు?"

"ఆ తరవాత ఆయన తొమ్మిదిసార్లు ఒప్పుకున్నారు."

అతను పుస్తకం వైపు చూశాడు. ఆశ్చర్యపోలేదు. మెల్లిగా వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "నాన్న పోయిన పదిహేను రోజులకి మాస్టారు వచ్చారు, పేరు కొట్టేసి కొత్త మనిషిని పెట్టుకోవాలని. అమ్మ అడిగింది, ఒక్క ఆ పుస్తకంలోనన్నా ఉండనివ్వండి అన్నయ్యా అని. అమ్మ అంతకుముందు గానీ తరవాత గానీ ఎవర్నీ ఏమీ అడగలేదు."

"ఉండనివ్వడం వేరు, ఆయన చేత ఔననిపించడం వేరు."

"ఎవరూ అనిపించలేదు. నియమం అలా ఉంది. అదీ నాన్న రాసిందే. చేతినిండా పనుంటే దర్జీ బాబాయి నెల దాకా జవాబివ్వడు. అందుకని వారంలోగా నోరు విప్పకపోతే ఔనన్నట్టే అని పెట్టాడు. బాబాయి కోసం తవ్విన గోతిలో తనే పడ్డాడు." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇవాళ పేరు తీసేయమని అడుగుతాను. నలుగురు మిగులుతారు. ఇద్దరూ ఇద్దరూ. తీర్మానం వీగిపోతుంది."

"అమ్మ అక్కడే ఉంటుంది."

"తెలుసు."

"అమ్మ ముందు, నలుగురిలో, నాన్న పేరు కొట్టేయమని నువ్వు అడుగుతావు. నిన్నగాక మొన్న వచ్చిన కోడలివి."

అంతలో ఆమె ఫోను టిక్కుమంది. అక్క. "అయిదు దాటితే నువ్వు రాసింది నాకు రాదట. ఇప్పుడే దండిగా రాసి పెట్టు, రోజుకింత చదువుకుంటాను."

ఆమె ఫోను అతని చేతికిచ్చింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోను ఆమె ఒళ్ళో పెట్టి లేచి, చెయ్యి అందించాడు.

"పద. ముందు తల దువ్వుకో. యుద్ధానికి పోతూ పిచ్చుక గూడులా ఈ జుట్టేమిటి."

*

ఆ వీధిలో గూటి సమావేశాలు దర్జీ కొట్లో జరుగుతాయి. గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల ఒకటి అక్కడే ఉంది కాబట్టి. గోడల నిండా సగం కుట్టిన కోట్లు, చేతులు వేలాడేసుకుని. నిలువుటద్దం మీద సుద్ద గీతలు. ఇస్త్రీ ఆవిరి వాసన. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు, ఒక ఎత్తుపీట. పీట మేస్త్రీది. చోటు చాలక జనం గుడ్డల తానుల మీద కూచుంటారు గానీ ఆ పీట మీద ఒక సూది కూడా పెట్టరు.

వాళ్ళకొక అలవాటుంది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ మొదలుపెట్టలేదు. గడువుకి అరగంట ముందు అందరూ వచ్చి, ఫోన్లు తీసి తెర పైకి ఉండేలా బల్ల మీద వరసగా పెడతారు. ఇక ఎవరూ మాట్లాడరు. గడువు దాటేదాకా ఊరికే చూస్తారు. పోయిన మనిషి జవాబు కోసం, పేరు పెట్టి చెప్పకుండా, ఏడు నెలలుగా అలా చూస్తున్నారు. కిందటిసారి కిటికీలోంచి చూసినప్పుడు కొత్తకోడలికి అది మర్యాద అనిపించింది. ఇవాళ తొమ్మిది మౌనాలు చదివి వచ్చాక, గాలి చొరబడని గదిలోకి అడుగుపెట్టినట్టయింది.

నాలుగున్నర. అత్తగారు ఇస్త్రీ బల్ల పక్కన, పీటకి దగ్గరగా కూచుని ఉంది. కొడుకూ కోడలూ ఇంటి నుంచి తెచ్చిన తీర్మానాల పుస్తకం మాస్టారి ముందు పెట్టి, తమ ఫోన్లు కూడా వరసలో పెట్టారు. మాస్టారు పుస్తకం తెరిచారు.

"ఇద్దరు ఔను. ఇద్దరు కాదు. మేస్త్రీ..." తల ఎత్తలేదు. "అయిదింటి దాకా చూద్దాం."

నిశ్శబ్దం మొదలైంది. గోడ మీది కోట్లు కూడా చెవులు రిక్కించినట్టున్నాయి. కొత్తకోడలి గుండె, కుట్టుమిషన్లో దారం చిక్కుకున్నట్టు, ఆగి ఆగి కొట్టుకుంది.

"మాస్టారూ," అంది. "మనం ఎవరి కోసం చూస్తున్నాం?"

నర్సమ్మ కళ్ళు మూసుకుంది. పోస్ట్‌మ్యాన్ గొంతు సవరించుకున్నాడు. జవాబు దర్జీ దగ్గర్నుంచి వచ్చింది. మెడలో టేపు సర్దుకుంటూ, "అడిగే ప్రశ్నేనా అమ్మాయ్ అది," అన్నాడు.

"అడగాల్సిందే బాబాయ్. తొమ్మిది తీర్మానాల్లో మామయ్యగారు ఔనన్నారని రాసి ఉంది. పైవాటాలో ఉండి వయొలిన్ వాయించే ఆయన్ని గూట్లోంచి వెళ్ళగొట్టింది వాటిలో ఒకటి. అదీ ఇలాగే ఇద్దరూ ఇద్దరూ. మామయ్యగారి మౌనంతో ముగ్గురయ్యారు. నెల తిరక్కుండా ఆయన తలొంచుకుని ఇల్లు ఖాళీ చేశారట. మామయ్యగారు రోజూ చదరంగం ఆడింది ఆయనతోనేగా. ఆయన్ని పొమ్మనడానికి ఒప్పుకునేవారా?"

మాస్టారి చేతిలో పెన్ను కదల్లేదు. "నియమం ప్రకారం రాశాను," అన్నారు. ఆ గొంతు పాఠం అప్పజెప్పే పిల్లాడి గొంతులా ఉంది.

"నియమం బతికున్నవాళ్ళకి."

"నీ అక్క కోసం మీ మామని మళ్ళీ చంపుతావా?" అన్నాడు దర్జీ.

భర్త ఒక అడుగు ముందుకేశాడు. కొత్తకోడలు చేత్తో ఆపింది. ఆమె చూపు అత్తగారి మీదకి పోబోయి, భయపడి, మధ్యలో పీట మీద ఆగింది.

"అక్క కోసమే. కాదనను. అక్క లేకపోతే ఆ పుస్తకం తెరిచేదాన్నే కాదు. రేపు మీరు కొత్త మనిషిని పెట్టుకుని, ఆ మనిషి ఔనంటే, వంతెన ఎత్తేయండి. ఏడుస్తాను గానీ ఎదురు చెప్పను. మాట్లాడలేని మనిషి నోట్లో మాట పెట్టి మాత్రం ఎత్తకండి."

"నీకేం తెలుసు," అన్నారు మాస్టారు. "మా ఆవిడ ఆ మెట్ల మీద అరిచిన అరుపు నువ్వు విన్లేదు. రెండు నెలలుగా మంచం మీంచి దిగలేదు. ఏదన్నా టిక్కుమంటే చాలు, నీళ్ళొచ్చాయా అని అడుగుతుంది. ఆ అబద్ధం ఆ వంతెన మీంచే నడిచొచ్చింది. ఇంకోటి రాకుండా చూడాలనుకోవడం తప్పా?"

"తప్పు కాదు మాస్టారూ," అంది కొత్తకోడలు. నిజంగానే అంది. మాస్టారి చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టి ఉన్నాయి. చూసి సర్దే మనిషి మంచం మీద ఉంది మరి.

అప్పుడు నర్సమ్మ నోరు విప్పింది. మెల్లగా, ఆసుపత్రి వార్డులో మాట్లాడినట్టు.

"ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూసింది నేను. పోయారని వదినకి చెప్పింది నేను. వెనక్కొచ్చి, ఆయన ఔనన్నారని రాసిన కాగితాల మీద తొమ్మిదిసార్లు సంతకం పెట్టిందీ నేనే. ఇన్నాళ్ళూ ఈ పిల్ల అడిగిన ప్రశ్న మనలో ఒక్కరం అడగలేదు. అడిగితే ఆయన పోయినట్టవుతుందని."

"నేనైతే," అన్నాడు పోస్ట్‌మ్యాన్, "ఇంట్లో మనిషి లేకపోతే ఉత్తరం వెనక్కి పంపేవాణ్ణి. తలుపు తియ్యలేదు కాబట్టి తీసుకున్నట్టే అని ఎప్పుడూ రాసుకోలేదు. ఇక్కడికొచ్చేసరికి నాకూ బుద్ధి గడ్డి తింది."

ఇస్త్రీ బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది.

అత్తగారు లేచింది. ఈ మూణ్ణెల్లలో ఆవిడ కొత్తకోడల్ని ఒక్క మాట అన్లేదు. స్నానానికి వేణ్ణీళ్ళు తోడి పెట్టింది. తలగడ ఎండలో వేసి, వెచ్చగా ఉండగానే మంచం మీద పెట్టింది. ఆ చెయ్యి ఇప్పుడు బల్ల మీదకి చాచి, "అన్నయ్యా, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి," అంది.

మాస్టారు ఇచ్చారు. ఆవిడ నిలబడే చదివింది. వేలు ఒక్కొక్క మౌనం దగ్గరా ఆగింది.

"ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేశాను," అంది, పుస్తకం లోకి చూస్తూనే. "నాకు వరసగా తొమ్మిదిసార్లు ఔనని చెప్పిన పాపాన పోలేదు. కూర ఎలా ఉందండీ అంటే ఆలోచించుకుని చెప్తాననే మనిషి. తెల్లారాక చెప్పేవారు, ఉప్పు తక్కువైందని." ఆగింది. "ఇది ఆయన కాదు. నేను ఉండనివ్వమన్నది ఆయన్ని."

"అత్తయ్యా," అంది కొత్తకోడలు. మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు ఏడవకమ్మాయ్. నువ్వేడిస్తే నేనూ మొదలుపెడతాను. అన్నయ్యా, పెన్ను ఇవ్వండి. నేనే కొట్టేస్తాను. ఎలా కొట్టేయాలి, అడ్డంగా ఒక గీతా, రెండా?"

"ఒకటి చాలు చెల్లెమ్మా," అన్నారు మాస్టారు. తల పక్కకి తిప్పుకున్నారు.

అయిదుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. అత్తగారు మొదటి పేజీ తీసింది. అక్కడ అయిదు పేర్లు అయిదు చేతిరాతల్లో ఉన్నాయి, ఎవరిది వాళ్ళు రాసుకున్నవి. అయిదో పేరు నీలి సిరాతో, కాస్త పైకి ఎగబాకుతూ ఉంది. ఆవిడ పెన్ను మొదటి అక్షరం మీద ఆన్చి గీత మొదలుపెట్టింది. మొదటి అక్షరం దాటింది. రెండోది దాటింది.

బల్ల మీద ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

మామూలు టిక్కు కాదు. గిన్నె అంచు మీద గరిటెతో రెండుసార్లు తట్టినట్టు. తాళంచెవులున్న అయిదుగురూ రాసే మాటలకి అయిదు వేరు వేరు చప్పుళ్ళు. మేస్త్రీ అయిదింటినీ స్వయంగా కూర్చి, దీన్ని తనకి ఉంచుకున్నాడు. ఏడు నెలలుగా ఆ వీధిలో ఎవరూ వినని చప్పుడు. కొత్తకోడలు అసలు ఎన్నడూ వినలేదు. గదిలో మొహాల్లోంచి నెత్తురు దిగిపోవడం చూసి, అది ఎవరిదో తెలుసుకుంది.

దర్జీ చేతిలో సుద్దముక్క నేల మీద పడి రెండయింది. నర్సమ్మ తన మణికట్టు తనే పట్టుకుంది. వరసగా ఉన్న తెరలన్నిటి మీదా ఒకే వాక్యం వెలిగింది, అద్దంలో తలకిందులుగా కూడా కనిపిస్తూ.

"తొందరేముంది. ఆలోచించుకుని చెప్తాను. ఇంకో వారం గడువు కావాలి."

పైన రేడియో మేస్త్రీ పేరు. పక్కన తాళంచెవి గుర్తు. ఆ గుర్తు ఎవరూ దొంగగా పెట్టలేనిదని, ఆ తాళంచెవి లేనిదే పడదని, నియమాలు రాసినప్పుడు వాళ్ళందరికీ నేర్పింది ఆయనే.

కొత్తకోడలు అందరి చేతులూ చూసింది. ముందు భర్తవి. ఖాళీగా, గ్రీజు మరకలతో, చెరో పక్కా వేలాడుతున్నాయి. మాస్టారివి పుస్తకం అంచు మీద. దర్జీవి గాల్లో. పోస్ట్‌మ్యాన్‌వి ఒళ్ళో. ఫోన్లన్నీ బల్ల మీదే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు.

అత్తగారి పెన్ను రెండో అక్షరం పక్కనే ఆగి ఉంది. సిరా అక్కడ చుక్కగా పెరుగుతోంది. ఆవిడ అరవలేదు, కూలబడలేదు. పెన్ను పైకెత్తి, మూత పెట్టి, పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

"అడిగారుగా. ఇవ్వండి."

మాస్టారు ఇచ్చారు. ఇవ్వక తప్పదు. తాళంచెవి ఉన్న మనిషి గడువు అడిగితే వారం ఇవ్వాలని కూడా నియమమే. వచ్చే ఆదివారం తేదీ వేసి కింద గీత కొట్టారు. అయిదయింది. వంతెన లేవలేదు. కొండ అవతల అక్క ఈపాటికి తెర వంక చూస్తూ, చెల్లెలి మాట ఇంకా వస్తోందని కళ్ళు నులుముకుంటూ ఉంటుంది. కొత్తకోడలు గెలిచింది. అయినా ఎవరో వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదిలినట్టుంది.

తన ఫోను తీసుకోవడానికి వంగింది. ప్రతి మాట కిందా, అది మొట్టమొదట ఏ పెట్టె నుంచి బయల్దేరిందో చీమ తలకాయంత బూడిదరంగు అక్షరాలు చెబుతాయి. కళ్ళద్దాల వయసు వాళ్ళెవరూ వాటి జోలికి పోరు. ఆమె కళ్ళు అలవాటుగా అక్కడికి పోయాయి.

మామగారి పనిగది పెట్టె కాదు. ఈ వీధిదే కాదు.

ఏటి వీధి. పదకొండో ఇల్లు.

అది ఆమె అక్క ఇల్లు.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. అవి ఎంత తుడిచినా మసకగానే ఉన్నాయి ఆయనకి. "నీ కళ్ళు లేతవి. అడుగున ఏదో రాసుంటుంది చూడు, ఎక్కణ్ణించి వచ్చిందో. చదివి చెప్పు, పుస్తకంలో రాయాలి."

అందరూ ఆమె వైపు తిరిగారు. చనిపోయిన మనిషి నోట్లో మాట పెట్టొద్దని పావుగంట కిందటే వాళ్ళ నోళ్ళు మూయించిన పిల్ల. మాస్టారు పెన్ను మూత తీసి కాగితం మీద ఆన్చారు. అత్తగారు మాత్రం ఫోను వంక చూడటం లేదు. కోడలి మొహంలోకే చూస్తోంది, ఏడు నెలల్లో రెండోసారి ఎవరినో ఏదో అడగబోతున్నట్టు.

కొత్తకోడలు నోరు తెరిచింది.